పద్యం ఎక్కడ కుంటిందో చెవి చెప్పాలి

మా అమ్మాయి పదో తరగతి చదువుతోంది. పోయిన నెలలో ఒక రాత్రి తెలుగు గైడు ముందేసుకుని కూర్చుంది. పద్యపాదం ఇస్తారు. గురులఘువులు, అంటే సాగే అక్షరాలూ పొట్టి అక్షరాలూ, గుర్తించి, వాటిని గణాలనే చిన్న గుంపులుగా విడదీసి, అది ఏ పద్యమో రాయాలి. నేను పక్కనే బట్టలు మడతపెడుతున్నాను. అర నిమిషం కూడా పట్టలేదు, ‘మత్తేభం’ అని రాసేసింది. సరైన జవాబే.

“పాదంలో ఏముందే?” అన్నాను.

“చదవలేదమ్మా. మొదటి మూడక్షరాలు చూస్తే చాలు. భ గణమైతే ఉత్పలమాల, న అయితే చంపకమాల, మ అయితే శార్దూలం, స అయితే మత్తేభం. మిగతా గణాలు ఎలాగూ బట్టీ వచ్చుగా.”

తను చదవని ఆ పాదం ‘అల వైకుంఠపురంబులో నగరిలో నా మూల సౌధంబు దా’. పోతన భాగవతంలో మొసలి నోట చిక్కిన ఏనుగు మొర విష్ణువు చెవిన పడే చోటు. దాన్ని చదవకుండానే నా బిడ్డ పూర్తి మార్కులు తెచ్చుకోగలదు. మడత పెడుతున్న చీర పక్కన పడేసి, కాసేపు ఏం మాట్లాడాలో తోచక కూర్చున్నాను. తప్పు పిల్లది కాదు. నేనూ ఇలాగే చదివాను. గణాలు గుర్తుండడానికి ‘యమాతారాజభానసలగం’ అని తరగతి అంతా కలిసి అరిచేవాళ్లం. ఆ సూత్రం ఎంత అందమైనదో ఎవరూ చూపించలేదు. అందులో య నుంచి స దాకా ఏ అక్షరం దగ్గర మొదలుపెట్టినా, అక్కడి నుంచి మూడక్షరాలు ఆ గణమే అవుతాయి. ‘యమాతా’ లఘువు, గురువు, గురువు. అదే య గణం. ‘మాతారా’ మూడూ గురువులు. అదే మ గణం. పెట్టె తాళంచెవి ఆ పెట్టెలోనే పెట్టినట్టుంటుంది. నాకు ఇది ముప్పై అయిదేళ్లు దాటాక తెలిసింది.

మనం ఛందస్సుని కంటికి నేర్పుతున్నాం. అది చెవికి నేర్పాల్సిన చదువు. పేర్లు ముందు నేర్పి పద్యాన్ని తర్వాతకి వదిలేస్తున్నాం, ఆ తర్వాత అనేది మాత్రం చాలామందికి రాదు. పద్యం రాసేవాళ్లకే ఛందస్సు అవసరం అన్న మాట నేను ఒప్పుకోను. చదివేవాళ్లకి ఇంకా ఎక్కువ అవసరం. వచన కవిత రాసేవాళ్లకి అన్నింటికంటే ఎక్కువ అవసరం.

మా పెదనాన్న మూడో తరగతి దాటలేదు. తెనాలి అవతల మా ఊళ్లో ఏటా శ్రీకృష్ణ రాయబారం ఆడేవాళ్లు. తిరుపతి వెంకట కవుల నాటక పద్యాలు ఆయనకి పదుల కొద్దీ నోటికి వచ్చు. రాత్రుళ్లు నీళ్లు కట్టడానికి వెళ్తూ ‘బావా యెప్పుడు వచ్చితీవు’ ఎత్తుకుంటే రెండు చేల అవతలికి వినపడేది. చిన్నప్పుడు నేనూ ఆయన వెనకే పాడబోయాను. ‘సుఖులే తమ్ముల్ సుతుల్ చుట్టముల్’ అన్నాను. ఆయన ఆగిపోయాడు. “తమ్ముల్ కాదమ్మాయ్, భ్రాతల్. బావాతో ఎత్తుకున్నావుగా, మళ్లీ ఆ దెబ్బ అక్కడ పడాలి” అన్నాడు.

ఆ పద్యం శార్దూలం. పాదం మొదటి అక్షరానికి మధ్యలో ఒక చోట జవాబు చెప్పే అక్షరాన్ని యతి అంటారు. శార్దూలంలో అది పదమూడో అక్షరం. ‘బా’కి ‘భ్రా’ జవాబు చెప్పే చోటు అది. ‘తమ్ముల్’ అన్నా గణాలు చెడవు, అర్థమూ మారదు. ఆ జవాబు మాత్రం పోతుంది. యతి అనే మాట పెదనాన్న వినే ఉండడు.

పద్యం కంఠతా వచ్చు కాబట్టి తప్పు పట్టుకున్నాడు, అందులో వింతేముంది అనవచ్చు. అయితే ఇంకోటి చెప్తాను. మా అక్క పెళ్లిలో ఎవరో పంచరత్నాలు, అంటే అయిదు పెళ్లి పద్యాలు, అచ్చువేయించి, అద్దం కట్టించి తెచ్చారు. పందిట్లో చదువుతుంటే పెదనాన్న పక్కవాళ్లతో “మూడో పద్యం కుంటింది, రెండో పాదం దగ్గర” అన్నాడు. ఆ పద్యం ఆయన అప్పుడే మొదటిసారి విన్నాడు. నేను పెద్దయ్యాక ఆ పటం దించి గణాలు వేసి చూశాను. రెండో పాదంలో ఒక లఘువు తక్కువ. అచ్చులో ఒక అక్షరం జారిపోయింది. నడిచే మనిషి కాలు కాస్త ఈడిస్తే వీధి అరుగు మీద కూర్చున్నవాళ్లకి తెలిసిపోయినట్టు ఆయనకి తెలిసింది. ఊరి నాటకాలు, హార్మోనియం, ఒన్స్ మోర్ కేకలు ఆయన చెవికి ఆ చదువు చెప్పాయి. బడికి వెళ్లిన నాకు ఆ చదువు రాలేదు.

ఇక పోతన పద్యం దగ్గరికి వస్తాను. ఆ రాత్రి బట్టలన్నీ పక్కన పెట్టి అమ్మాయికి నాలుగు పాదాలూ చదివి వినిపించాను.

అల వైకుంఠపురంబులో నగరిలో నా మూల సౌధంబు దా
పల మందారవనాంతరామృతసరః ప్రాంతేందుకాంతోపలో
త్పలపర్యంక రమావినోది యగు నాపన్నప్రసన్నుండు వి
హ్వలనాగేంద్రము పాహిపాహి యన గుయ్యాలించి సంరంభియై

“పాదం అయిపోయిన చోట ఆగి చదువు” అన్నాను. చదవబోయింది. ‘దా’ దగ్గర ఆగితే మాట తెగిపోయింది. ‘దాపల’ అన్నది ఒక్క మాట. రెండో పాదం చివర ‘ఉపలో’ దగ్గర ఆగలేం, ‘ఉత్పల’ కింది పాదంలో ఉంది. మూడో పాదం చివర ‘వి’ దగ్గర అసలే ఆగలేం. నాలుగు పాదాల పద్యంలో ఊపిరి తీసుకునే చోటే లేదు. ఒక్కో పాదం చివర గొంతు మెట్టు మీద ఆగబోయి, ఆగలేక, కింది మెట్టు మీదికి జారిపోతుంది. పైగా మత్తేభం ప్రతి పాదమూ రెండు లఘువులతో మొదలవుతుంది. ముందు పాదం చివరి గురువు మీద నుంచి ‘పల’, ‘త్పల’, ‘హ్వల’ అని తేలికగా దూకుతుంది. రెండో అక్షరం ‘ల’ ప్రాస, నాలుగు పాదాల్లోనూ అక్కడ అదే అక్షరం రావాలి, కాబట్టి ఆ దూకుడు ప్రతిసారీ ఒకేలా వినపడుతుంది.

ఆ దూకుడులోనే దూరం తరిగిపోతోంది. అల్లక్కడి వైకుంఠం, అందులో నగరి, అందులో ఒక మూల సౌధం, దాని పక్కన మందారవనం, వనంలో అమృత సరస్సు, ఒడ్డున చంద్రకాంతశిల, దాని మీద కలువల పాన్పు. ఇంత దూరం వెళ్లాక విష్ణువు కనపడతాడు. ఏనుగు మొర అంత దూరమూ పోయి ఆయన చెవిన పడాలి కదా! మన గొంతు కూడా ఊపిరి సలపక అంత దూరమూ పోతుంది. చివరికి ‘సంరంభియై’ దగ్గరైనా వాక్యం ముగియదు. ఆయన లేచాడు, అంతే. ఏం చేశాడో తర్వాతి పద్యం చెప్తుంది.

ఆ తర్వాతి పద్యం కూడా మత్తేభమే. ‘సిరికిం జెప్పడు’ అని మొదలవుతుంది. లక్ష్మికి చెప్పడు, శంఖచక్రాలు చేతుల్లోకి తీసుకోడు, పరివారాన్ని పిలవడు. ఇక్కడ వాక్యాలు చాలావరకు పొట్టివి, ఒక్కో క్రియ దగ్గరా తెగుతాయి. అవే గణాలు, అదే యతిస్థానం. ఒక పద్యం ఒక్క ఊపిరిలో పరుగు, రెండోది మెట్ల మీద గబగబ అడుగుల చప్పుడు. ఛందస్సు ఒకే మూస, అందులో ఏది పోసినా ఒకటే ఆకారం వస్తుందనేవాళ్లు ఈ రెండు పద్యాలూ వెంటవెంటనే పైకి చదివి చూడాలి. మూస కదలకుండా ఉంది కాబట్టే లోపలి వేగం మారడం మనకి వినపడింది.

“మరి పరీక్షలో ఇవన్నీ రాయమనరుగా?” అంది అమ్మాయి. రాయమనరు. ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్ల మీద నాకు కోపం లేదు, లక్షల పేపర్లు దిద్దడానికి కొలవగలిగే ప్రశ్నలే కావాలి. కొలిచేది ఒక్కటే నేర్పితే చాలనుకోవడం దగ్గరే నా పేచీ.

మత్తేభం, శార్దూలం లాంటి వృత్తాలతో మొదలుపెట్టడం కూడా తప్పే అంటాను. సంస్కృతం నుంచి వచ్చిన వృత్తాలు గంభీరమైనవి, నిజమే. కానీ తెలుగు నోటికి సహజంగా వచ్చేవి ఆటవెలది, తేటగీతి, ద్విపద, కందం. నన్నయకి ముందే రాళ్ల మీద ఈ తీరు పద్యాలు ఉన్నాయి. తొమ్మిదో శతాబ్దపు అద్దంకి శాసనంలో తరువోజ ఉంది, అది రెండు ద్విపద పాదాల్ని ఒక్క పాదంగా కలిపినది. పదో శతాబ్దంలో కరీంనగర్ జిల్లా కుర్క్యాల గుట్ట మీద జినవల్లభుడు కందాలు చెక్కించాడు. యతి సంగతి చూసినా అంతే. సంస్కృతంలో యతి అంటే విరామం, అక్కడ మాట ఆగాలి. తెలుగులో మాట ఆగనక్కర్లేదు, అక్షరం అక్షరాన్ని గుర్తుచేయాలి. రెండో అక్షరం మీద ప్రాస తమిళులకీ ఉంది, వాళ్లు ఎదుగై అంటారు. మొదటి అక్షరాల స్నేహాన్ని మోనై అంటారు. ఇది ఇరుగుపొరుగు భాషలు కలిసి పెంచుకున్న చెవి.

కాబట్టి వేమనతో మొదలుపెట్టాలి. మూడో తరగతి పిల్లాడికైనా వచ్చే పద్యం తీసుకుందాం.

ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు
చూడ చూడ రుచుల జాడ వేరు
పురుషులందు పుణ్య పురుషులు వేరయా
విశ్వదాభిరామ వినురవేమ

ఆటవెలదిలో ఒకటి, మూడు పాదాలకి మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాలకి అయిదూ సూర్యగణాలే. లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు. సూర్యగణం అంటే మూడు మాత్రలు, ‘ఉప్పు’ లాగానో ‘రుచుల’ లాగానో. ఇంద్రగణాలు ఇంకాస్త పెద్దవి, నాలుగో అయిదో మాత్రలు. ఇదంతా పుస్తకంలో ఉన్నదే. ఇప్పుడు మాత్రలు లెక్కపెట్టండి. మొదటి పాదం పంతొమ్మిది, రెండోది పదిహేను, మూడోది పద్దెనిమిది, నాలుగోది మళ్లీ పదిహేను. సరి పాదం ఎప్పుడూ పదిహేనే, మారదు. బేసి పాదం సాగుతుంది, సరి పాదం టపీమని మూసుకుంటుంది. ఒకరు మాట ఎత్తుకుంటే ఇంకొకరు తేల్చేసినట్టు. చెప్పడం, తేల్చడం. సామెత స్వభావమే అది. వేమన ఆటవెలదిని ఎందుకు పట్టుకున్నాడో ఆయన్ని అడగలేం కానీ, ఆ మాటలకి ఆ నడక ఎందుకు సరిపోయిందో చెవి చెప్తుంది.

ఇంకా లోపలికి పోదాం. మొదటి పాదంలో యతి ‘ఉ’కి ‘నొక్క’తో. ఉ ఎక్కడ, నొ ఎక్కడ అనిపిస్తుంది. ‘కప్పురంబును, ఒక్క’ కలిసి ‘నొక్క’ అయింది, న లోపల ఒ ఉంది. ఉ, ఒ ఒకే ఇంటివి. రెండో పాదంలో ‘చూ’కి ‘జా’ కుదరదు, అచ్చులు వేరు. అక్కడ ‘చూడ’కి ‘జాడ’ ప్రాసయతి, మొదటి అక్షరానికి బదులు రెండో అక్షరం ‘డ’ కలుస్తుంది. దీన్ని పండితుల లెక్కగా కాక మామూలుగా వినండి: చూడ చూడ, జాడ. ఉప్పూ కర్పూరమూ చూపుకి ఒకటే, తేడా తెలియాలంటే చూడాలి, మళ్లీ చూడాలి, అప్పుడు జాడ తెలుస్తుంది. ఆ మాట రెండుసార్లు అనడంలో కాస్త సమయం గడుస్తుంది. ఆ గడిచే సమయమే పద్యంలో అసలు విషయం. మనిషిని తెలుసుకోవడానికీ అంత సమయం పడుతుందని మూడో పాదం రాకముందే మన చెవికి తెలిసిపోయింది.

అలంకారం సంగతీ ఇక్కడే చూడొచ్చు. ‘వలె’ ఉంటే ఉపమాలంకారం అని రాసేయమని పిల్లలకి చెప్తాం. ఈ పద్యంలో వలె లేదు, లాగ లేదు, అట్లు లేదు. రెండు పాదాల్లో ఉప్పు సంగతి, మూడో పాదంలో మనుషుల సంగతి, మధ్యలో వంతెన లేదు. దీన్ని దృష్టాంతం అంటారు. పేరు కంటే ముఖ్యం, ఆ వంతెన వేయకపోవడం వల్ల మనకి మిగిలిన పని. కవి పక్కపక్కన పెట్టి ఊరుకున్నాడు, కలుపుకోవాల్సింది మనమే. ‘నీ మాట నిప్పులాంటిది’ అన్నవాడు ఒక అడుగు వెనక నిలబడి పోలుస్తున్నాడు. ‘నీ మాట నిప్పు’ అన్నవాడు ఆ అడుగు కూడా దాటేశాడు. ‘నీ మాట నిప్పేమో, ఇల్లంతా పొగ కమ్మింది’ అన్నవాడు అనుమానపడుతూనే మనకి పొగ చూపించాడు. ఉపమ, రూపకం, ఉత్ప్రేక్ష అనే మూడు పేర్లూ మనిషి తన మాటకి ఎంత కట్టుబడ్డాడో కొలిచేవి. అలా చెప్తే ఏ పిల్లకైనా ఆసక్తి పుడుతుంది. ఇంట్లో రోజూ జరిగేదే కదా.

నా సంగతి కూడా చెప్పాలి. డిగ్రీ రోజుల్లో నేను వచన కవితలు రాశాను. కొన్ని అచ్చయ్యాయి. ఒకసారి ఒక పెద్దాయన నా కవిత చదివి, “ఇక్కడ పాదం ఎందుకు విరిచావమ్మా?” అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. చూడ్డానికి బావుందని విరిచాను. ఆ ప్రశ్న చాలా ఏళ్లు నాలో ఉండిపోయింది. ముప్పై ఎనిమిదో ఏట, రోజుకి ఒక ఆటవెలది రాయాలని పెట్టుకున్నాను. మూడు నెలలు రాశాను. చాలావరకు చింపేశాను. ఒకటి ఇక్కడ పెడుతున్నాను, మంచి పద్యమని కాదు, అది ఎలా వచ్చిందో చెప్పడానికి.

మా ఇంటి ఎదురుగా పెద్ద చింతచెట్టు ఉండేది. రోడ్డు వెడల్పు చేయడానికి కొట్టేశారు. ఆ సాయంత్రం నేను రాసుకున్న మొదటి ముక్క ఇది: చెట్టు కొట్టినాక చెదరిన పిట్టలు, రోజు సంజెవేళ దారి మీద, కొమ్మ లేని చోట బాధతో తిరుగును. గణాలు అన్నీ సరిపోయాయి. యతి రెండు చోట్ల చెడింది. ‘రోజు’లోని రోకి ‘దారి’లోని దా కుదరదు. ‘కొమ్మ’లోని కొకి ‘బాధతో’లోని బా కుదరదు.

‘దారి’ తీసేసి రో కోసం వెతికాను. ‘రోడ్డు’ వచ్చింది. పద్యంలో రోడ్డు ఏమిటని ముందు సంకోచించాను. తర్వాత తెలిసింది, నిజం అదే. చెట్టుని మింగింది దారి కాదు, రోడ్డు. నేను అందంగా ఉందని దారి అన్నాను, యతి నన్ను నిజం దగ్గరికి లాక్కొచ్చింది. ‘బాధతో’ స్థానంలో క, గ వర్ణాల్లో ఉకారమో ఒకారమో కావాలి. రెండు రోజులు దొరకలేదు. మూడో రోజు సాయంత్రం బాల్కనీలో నిలబడితే పిట్టలు మళ్లీ వచ్చాయి. చెట్టు తల ఉండే ఎత్తులోనే, ఖాళీ గాలిలో, గుండ్రంగా తిరుగుతున్నాయి. మొదటి రోజూ అలాగే తిరిగి ఉంటాయి. నేను చూడలేదు. నా బాధ చూసుకుంటున్నాను.

చెట్టు కొట్టినాక చెదరిన పిట్టలు
రోజు సంజెవేళ రోడ్డు మీద
కొమ్మ లేని చోట గుండ్రంగ తిరుగును
గాలిలోన గూళ్లు కానరాక

నాలుగో పాదం నాకు ఇప్పటికీ తృప్తిగా లేదు. ‘గాలిలోన’ అన్న మాట పిట్టల కోసం వచ్చిందో, ‘కానరాక’ కోసం వచ్చిందో తేల్చుకోలేకపోతున్నాను. కానీ ‘గుండ్రంగ’ మాత్రం నాది. చూసింది చూసినట్టు చెప్పడాన్ని మన ఆలంకారికులు స్వభావోక్తి అన్నారు, దాన్ని కూడా అలంకారాల్లోనే లెక్కపెట్టారు. ఎందుకో నాకు ఆ రోజు అర్థమైంది. చూసింది చూసినట్టు చెప్పడం అన్నింటికంటే కష్టం. మనసులో మొదట తట్టే మాట దాదాపు ఎప్పుడూ ఎవరో వాడేసిన మాటే. నియమం దాన్ని ఒప్పుకోదు, ఇంకోటి తెమ్మంటుంది. ఆ వెతుకులాటలో మళ్లీ కిటికీ దగ్గరికి వెళ్తాం.

దీనికి ఎదురుమాట నాకు తెలుసు. గణాలు సరిపోయిన చచ్చు పద్యాలు కోకొల్లలు. ‘తగన్’, ‘ఒగిన్’, ‘చెలువుగన్’ అని గుంతలు పూడ్చిన పద్యాలు పాత కవుల్లోనూ ఉన్నాయి. దాన్ని మన లాక్షణికులే దోషం అన్నారు. ఇప్పుడు గణాలు, యతి, ప్రాస సరిచూసి చెప్పే తెలుగు సాఫ్ట్‌వేర్లు కూడా వచ్చాయి. నేనూ వాడతాను, ఎంతో మేలు. నా ‘బాధతో’ని అది కూడా పట్టుకునేది. కానీ యతి కుదిరేలా ఇంకేదో తప్పుడు మాట వేసి ఉంటే శభాష్ అనేది. నియమం తలుపు దగ్గర ఆపుతుంది, అంతవరకే. లోపలికి ఎవర్ని రానివ్వాలో మనం చూసుకోవాలి.

ఇంకో ఎదురుమాట ఇంతకంటే బరువైనది. పద్యం కొందరి ఇళ్లలోనే ఉండిపోయింది, మిగతావాళ్లకి దాన్ని అందనివ్వలేదు, అందుకే దాన్ని వదిలేయడమే న్యాయం అంటారు. మొదటి సగం నిజం. రెండో సగానికి జాషువా అడ్డం నిలబడతారు. వినుకొండలో పుట్టి, అంటరానితనం అనుభవించిన మనిషి, 1941లో గబ్బిలం రాసినప్పుడు పద్యంలోనే రాశారు. గుడిలోకి రానివ్వనివాళ్ల చేతుల్లోని వాద్యాన్ని తీసుకుని, వాళ్ల కంటే బాగా పలికించి, వాళ్లకే వినిపించారు. అందనివ్వకపోవడం అన్యాయమైతే అందరికీ అందించడం కదా దానికి విరుగుడు! వేమన పద్యం ఏ పొలం గట్టు మీదైనా వినపడేది. మా పెదనాన్న చదువుకున్న ఇంట్లో పుట్టలేదు.

శ్రీశ్రీ పేరు చెప్పి ఛందస్సుని కొట్టేసేవాళ్లకి ఒక్క మాట. 1928లో ఆయన మొదటి పుస్తకం ప్రభవ పద్యాలే. మహాప్రస్థానంలో ప్రసిద్ధమైన గేయాలు మాత్రల లెక్కలో కదం తొక్కుతాయి. తర్వాత సిరిసిరిమువ్వ శతకం రాస్తే కందంలో రాశారు. తెంచడం తెలిసిన చేతికి ముడి ఎక్కడుందో తెలుసు. ఆయనకి ముందు గురజాడ చేసిందీ అదే. ‘దేశమును ప్రేమించుమన్నా, మంచి అన్నది పెంచుమన్నా’ అని ఒకసారి చప్పట్లతో అనండి. మూడు, నాలుగు, మూడు, నాలుగు. తకిట తకధిమి. వృత్తాల గణాలు పక్కన పెట్టి, ఈ మిశ్రగతి నడక పట్టుకున్నాడు. నూరేళ్లు దాటినా ఏ బళ్లోనైనా పిల్లలు కాగితం చూడకుండా అనగలుగుతున్నది ఆ నడక వల్ల కూడా. నాలుగో పాదాన్ని కాస్త పొట్టి చేసి, ‘తలపెట్టవోయ్’ అని భుజం తట్టినట్టు ముగించాడు. కొత్త కొలత తెచ్చినవాడు పాత కొలత తెలియక తేలేదు.

వచన కవితలో గణాలు లేవు కాబట్టి పాదం విరుపు ఒక్కటే చేతిలో మిగిలిన పనిముట్టు. దాన్ని ఎక్కడ పట్టుకోవాలో నాకు మత్తేభం నేర్పింది. ‘వి’ దగ్గర తెగి ‘హ్వల’ దగ్గర అతికిన ఆ మాట విన్నాక, నా పాత కవితలు తీసి పైకి చదివాను. విరుపుల్లో సగానికి పైగా చెరిపేశాను. పెద్దాయన ఇప్పుడు అడిగితే జవాబు చెప్పగలను. ఆయన లేరు.

అమ్మాయి సంగతికి వస్తాను. ఆ రాత్రి తర్వాత ఆమెకి పుస్తకం పెట్టి ఏమీ చెప్పలేదు. దసరా సెలవులకి గుంటూరులో బస్సెక్కి ఊరికి వెళ్తుంటే, కిటికీలోంచి బోర్డులు చూస్తూ ఊరి పేర్లకి గణాలు వేయడం మొదలుపెట్టాం. గుంటూరు, నెల్లూరు, ఏలూరు, కర్నూలు అన్నీ త గణాలే. ఇంద్రగణాల్లో చేరతాయి. కడప సూర్యగణం. ఓరుగల్లు రెండు సూర్యగణాలు, విజయవాడా అంతే. బెజవాడ అంటే మళ్లీ ఒక్క ఇంద్రగణం. తెనాలి దేంట్లోనూ ఇమడదు. అది జ గణం, అందుకు అమ్మాయి కాస్త నొచ్చుకుంది.

“మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం పెడితే ద్విపద పాదం” అన్నాను. వెంటనే “గుంటూరు నెల్లూరు కర్నూలు కడప” అంది. “మూడో గణం దగ్గర యతి పడాలి, గుకి క జవాబు చెప్పదు. కు, కొ, గు, గొ లాంటిదేదో కావాలి” అన్నాను. కాసేపు పెదాలు కదుపుతూ కూర్చుంది. వేళ్లతో ముందు సీటు కడ్డీ మీద తడుతోంది. “కొవ్వూరు!” అని ఇంత గట్టిగా అరిచింది, కండక్టరు వెనక్కి తిరిగి చూశాడు.

రెండో పాదానికి ప్రాస కావాలని చెప్పాను. రెండో అక్షరం ట, దాని ముందు సున్న. ఇక నేను మాట్లాడలేదు. తెనాలి దాటింది. కాలవ గట్టు వచ్చింది. బస్సు ఆగి, సంచులు దించుకుంటుంటే నా వెనకనుంచి అంది.

గుంటూరు నెల్లూరు కొవ్వూరు కడప
అంటుంటె వచ్చేసెనమ్మ మా ఊరు

‘అంటుంటె’లో అకి ‘నమ్మ’లో యతి ఎలా కుదిరిందని అడిగాను. “ఏమో, కుదిరినట్టే వినిపించింది” అంది. వచ్చేసెన్, అమ్మ. న లోపల అ ఉంది. ‘కప్పురంబు నొక్క’లో ఒ ఉన్నట్టే. గణాలు వేసి చూడమని చెప్పబోయి, ఆ పూటకి ఊరుకున్నాను. సంచి భుజానికి తగిలించుకుని, ఆ రెండు పాదాలూ అనుకుంటూ నా ముందు గట్టు దిగి నడిచింది.